ఎస్తేరక్క తెల్ల యూనిఫాం

ఎస్తేరక్క చనిపోయింది. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. ప్రభువునందు నిద్రించిందని వాళ్ల చర్చి పెద్దలు మృదువుగా అంటున్నారు. ఆమె నిద్రించలేదు. తలకు రాయి తగిలి చచ్చిపోయింది. మదీనాగూడలో ముంబై రహదారి పక్కనున్న మా ఆసుపత్రిలో, తాను రోజూ దుప్పటి మార్చే మంచం మీదే, నా కళ్ల ముందే ప్రాణం విడిచింది. నర్సులం నడుపుకునే చిన్న పత్రికకు ఆమెను గురించి రాయమని తోటివాళ్లు అడిగారు. దివంగతుల గురించి మంచి మాటలే రాయాలంటారు. ఎస్తేరక్క మంచితనమంతా కొట్లాటల్లోనే బయటపడింది కాబట్టి నేను కొట్లాటలే రాస్తాను.

ఆమెది భీమవరం దగ్గరి ఊరు, నాది మెదక్ వైపు. భర్త దానియేలు గారు ఎలక్ట్రీషియన్. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం కడుతున్నప్పుడు పరంజా మీద నుంచి పడి ఆయన నడుము విరిగింది. ఆ భవనం ఇవాళ్టికీ తళతళలాడుతోంది, ఆయన మాత్రం చక్రాల కుర్చీలోంచి లేవలేదు. కట్టిన కంపెనీ నెలనెలా సగం జీతం పంపేది. ఆ ఆసరాతోనే అక్క నర్సు ఉద్యోగం మానుకుని, ఏళ్ల తరబడి ఇంటిపట్టున ఉండి ఆయనకు సేవ చేసింది, కూతురు కీర్తనను పెంచింది. తర్వాత కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్లు ఇక ఇవ్వబోమన్నారు. అడగడానికి వెళితే గేటు దగ్గరే రెక్క పట్టుకుని బయటికి నెట్టారు. ఆమె ఆ గేటు మీద తుపుక్కున ఉమ్మేసి, అటునుంచి అటే మా ఆసుపత్రికి వచ్చి ఉద్యోగం అడిగింది.

ఇన్నేళ్లు ఇంట్లో కూర్చున్న మనిషని మేనేజర్ గారు మొదట వెనకాడారు. చివరికి కొన్నాళ్లు చూసి పర్మనెంటు చేస్తామని, ఈలోగా ఏ చిన్న ఫిర్యాదు వచ్చినా పంపేస్తామని షరతు పెట్టారు. ఆ పర్మనెంటు కాగితం మీదే ఆమె ఇల్లు ఆధారపడి ఉంది. ఆ సంగతి మా అందరికీ తెలుసు, మేనేజర్ గారికి మరీ బాగా తెలుసు.

మొదటి వారంలోనే ఫిర్యాదు వచ్చింది. క్యాబ్ డ్రైవర్ ఒకడికి సెలైన్ ఎక్కించాలి. అక్కకు నరం దొరకలేదు. గుచ్చినచోటల్లా రక్తం చిమ్మింది. "ఏందమ్మా, సూది పట్టుడు రాదా నీకు? మనిషనుకున్నవా, దిండనుకున్నవా?" అంటూ వాడు లేచి ఆమె చెంప పగలగొట్టాడు. ఆమె సూదిని నిదానంగా పళ్లెంలో పెట్టింది. తిరిగి వాడి చెంప మీద ఒక్కటిచ్చింది. వార్డంతా నోరెళ్లబెట్టింది. "ఇప్పుడు చెయ్యి ఇలా ఇవ్వండి బాబూ," అంది. వాడు చేయి చాపాడు. మోచేతి మడత మీద టపటపా నాలుగు దెబ్బలేసి, నరం పైకి తేలగానే సూది దించింది. మేనేజర్ గారు గదిలోకి పిలిచి బల్ల గుద్ది మరీ తిట్టారు, నర్సులు దొరకని రోజులు కాబట్టి పంపేయలేదు గానీ పర్మనెంటు వెనక్కి జరిపారు. బయటికి వచ్చి నాతో, "నా వేళ్లకు పని గుర్తొచ్చింది సుజాతా, ఇక ఫర్వాలేదు," అంది. చెంప మీద వాడి వేళ్లు ఇంకా ఎర్రగా తేలి ఉన్నాయి.

అవి తెలంగాణ కోసం ఊరు ఊరంతా రోడ్డెక్కిన రోజులు. నేను మా రాష్ట్రం మాకు రావాలనే మనిషిని, అప్పుడూ ఇప్పుడూ. అన్నం తినే దగ్గర మేమిద్దరం గిన్నెలు ఎగిరేలా వాదించుకునేవాళ్లం.

"మీ రాష్ట్రం మీకొచ్చేస్తే నన్నెక్కడికి తోలేస్తావే?" అనేది.

"నిన్నేడికి తోలుత అక్కా? నువ్వు పోతే నా నైటు డ్యూటీలు ఎవలు జేస్తరు?" అనేదాన్ని.

"అదీ సంగతి! నీకు కావాల్సింది రాష్ట్రం కాదు, సెలవు," అని నా గిన్నెలో కూర లాక్కునేది.

ఒక మధ్యాహ్నం రహదారి మీద విద్యార్థుల ఊరేగింపును పోలీసులు చెదరగొట్టారు. లాఠీలు విరిగాయి, తలలు పగిలాయి. బాష్పవాయువుకు మా వార్డులో పసిపిల్లలు సైతం గుక్కపట్టారు. షటర్ దించమని మేనేజర్ గారు కేకేశారు, దించారు. బయట ఎవరో అరచేతులతో షటర్ మీద బాదుతున్నారు. కింది సందులోంచి నెత్తురు సన్నగా లోపలికి పాకింది.

"పోలీసు కేసవుతుందండీ, మనకెందుకు చెప్పండి?" అన్నారు మేనేజర్ గారు.

"నెత్తురు గడప దాటి లోపలికొచ్చేసిందండీ. దాన్ని కూడా బయటికి పొమ్మంటారా?" అంది అక్క. ఆయన్ని భుజంతో ఒక్క తోపు తోసి షటర్ ఎత్తేసింది.

నుదురు చీలిన కుర్రవాడు ఆమె మీదే వాలిపోయాడు. అతనికి కుట్లు వేస్తుండగా ముక్కు పగిలిన కానిస్టేబుల్‌ను మోసుకొచ్చి పక్క మంచం మీద పడుకోబెట్టారు. అతన్ని చూడగానే కుర్రవాళ్లు, "ఈడే కొట్టింది, పట్టుండ్రి ఈణ్ని!" అని మీదికి ఉరికారు. ఎస్తేరక్క సెలైన్ స్టాండు పెరికి మంచం ఇనుప కమ్మీ మీద బాదింది. ఆ మోతకు అందరూ ఆగిపోయారు. "ఈ వార్డులో కొట్టేదాన్ని నేనొక్కదాన్నే!" అని అరిచింది. సూది, దారం రెండో చేతిలో అలాగే ఉన్నాయి. మళ్లీ స్టూలు మీద కూర్చుని మిగిలిన కుట్లు పూర్తి చేసింది. తర్వాత కానిస్టేబుల్ ముక్కు చూసింది. పర్మనెంటు కాగితం మళ్లీ వెనక్కి పోయింది.

ఆ రోజు తర్వాత బంద్‌లు ఆమెకు అడ్డు రాలేదు. మేమందరం బంద్ రోజున మామూలు బట్టల్లో వచ్చి ఆసుపత్రిలో యూనిఫాం మార్చుకునేవాళ్లం. ఆమె మాత్రం లింగంపల్లి స్టేషన్ వెనక తన ఇంటి దగ్గరే తెల్ల యూనిఫాం వేసుకుని, టోపీకి పిన్నులు పెట్టుకుని, రోడ్డు మధ్యన నడిచి వచ్చేది. టైర్లు మండుతుండేవి, బస్సుల మీద రాళ్లు పడుతుండేవి. దూరం నుంచి ఆ తెలుపు కనబడగానే ఎవరో ఒకరు, "సిస్టరొస్తుంది, జర ఆగుండ్రి!" అని అరిచేవాళ్లు. రాళ్లు ఆగేవి. ఆమె దాటిపోయాక మళ్లీ మొదలయ్యేవి. నేను రెండు మూడుసార్లు ఆమె వెనకే వచ్చి కళ్లారా చూశాను.

మా ఆసుపత్రి యజమానిది ఆంధ్రా వైపని ఎవరో పుకారు లేపారు. ఒక సాయంత్రం మా బోర్డు మీద రాళ్లు పడి అద్దాలు పగిలాయి. మర్నాడే మేనేజర్ గారి ఆర్డరు వచ్చింది. యూనిఫాం జేబు మీద ఆసుపత్రి పేరుంది కాబట్టి ఇకమీదట ఎవరూ రోడ్డు మీద యూనిఫాంలో కనబడకూడదు. కనబడితే ఉద్యోగం ఉండదు. చదివి వినిపిస్తూ ఆయన ఎస్తేరక్క వైపే చూశారు. అక్క పర్మనెంటు కాగితం ఆ వారమే సంతకానికి వెళ్లింది.

ఎవరి మాటా వినని మనిషి ఆ ఒక్క మాట విన్నది. ఆ తర్వాతి బంద్ నాడు నీలం చీర కట్టుకుని బయలుదేరింది. రోడ్డు మీద కుర్రవాళ్లకు సాఫ్ట్‌వేర్ కంపెనీ బస్సు ఒకటి దొరికింది, రాళ్లు లేచాయి. నీలం చీరలో నడిచివస్తున్న ఆడమనిషిని ఎవరూ పట్టించుకోలేదు. ఆగమని ఎవరూ అరవలేదు.

కింద పడ్డాక గుర్తుపట్టారు. "మన సిస్టరు రా, సిస్టరు!" అని ఏడుస్తూ వాళ్లే మోసుకొచ్చారు. షటర్ దించి ఉంది. నేనే ఎత్తాను. ఆ గుంపులో ఆమె కుట్లు వేసిన కుర్రవాడు కూడా ఉన్నాడని తర్వాత కొందరన్నారు. నిజమో కాదో నేను అడగలేదు, అడగను. ఆమె చేయి పట్టుకుని నరం కోసం టపటపా కొట్టాను, ఆమె నేర్పినట్టే. నరం తేలలేదు. ఒకసారి కళ్లు తెరిచింది. "టైమెంతయింది సుజాతా? డ్యూటీకి లేటయ్యానా?" అంది. "లేదక్కా, టైముకే వచ్చినవ్," అన్నాను. మరి మాట్లాడలేదు. ఆమె సంచిలో ఇస్త్రీ మడత నలగని యూనిఫాం, కాగితంలో చుట్టిన టోపీ ఉన్నాయి.

ఏ చీర కట్టాలని బంధువులు గుసగుసలాడుతుంటే దానియేలు గారు కుర్చీలోంచి అరిచారు. "తెల్లబట్టలే వేయండి! ఇంట్లో ఉన్నన్నాళ్లూ పాత యూనిఫాం పెట్టెలోంచి తీసి, ఉతికి ఆరేసి, మళ్లీ లోపల పెట్టుకునేదండీ. నా కోసం విప్పిన బట్టలవి." కీర్తన తల్లికి సంచిలోని ఆ యూనిఫాం తొడిగి, తలకు టోపీ పెట్టి పిన్నులు గుచ్చింది. అలాగే సమాధి చేశాం.

తర్వాత మేనేజర్ గారు ఫోన్ చేశారు. ఎస్తేరు గారు పర్మనెంటు కాలేదు కాబట్టి యూనిఫాం ఆసుపత్రికి తిరిగి ఇవ్వాలట. అది రూలట. "గునపం తెచ్చుకోండి సార్, తవ్వి తీసుకుందురు గానీ," అన్నాను. నా ఉద్యోగం ఇంకా ఎందుకు ఉందో నాకు తెలియదు. అలాంటి నర్సును ఆ ఆసుపత్రి మళ్లీ చూడదు, అలాంటి అక్క నాకు మళ్లీ దొరకదు.

మొన్నటి బంద్‌కు నేను ఇంటి నుంచే తెల్ల యూనిఫాంలో బయలుదేరాను. ఆమె పడిపోయిన చోటికి వచ్చేసరికి ఎవరో అరిచారు: "సిస్టరొస్తుంది, జర ఆగుండ్రి!" రాళ్లు ఆగాయి. అందరూ మావాళ్లే, నా భాష మాట్లాడేవాళ్లే, నేను కోరుకున్నదే కోరేవాళ్లు. నాకు ఒళ్లంతా మండిపోయింది. వంగి, కాళ్ల దగ్గరున్న రాయి ఒకటి తీసుకున్నాను. చేయి పైకి లేచింది కూడా. వాళ్లు కదలలేదు, తలలు దించుకుని నిలబడ్డారు. ఈ వార్డులో కొట్టేదాన్ని నేనొక్కదాన్నే అన్న అక్క కేక నా చెవిలో మోగింది. రాయి కింద పడేసి, టోపీ సర్దుకుని, డ్యూటీకి వెళ్లాను.