ఈజిప్టును వదలొద్దన్న అమ్మ

పక్షవాతం వచ్చినప్పటి నుంచి అమ్మకు మాట లేదు. ఆమె దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమన్నారు డాక్టరు. మా దగ్గర మాటలు అయిపోయి, ఈ రోజు నేనూ తమ్ముడూ ఆమె మంచం పక్కనే చిన్నప్పటి యుద్ధం ఆట పరిచాం. ప్రపంచ పటం మీద సైనికుల బిళ్లలు పెట్టి, పాచికలు వేసి దేశాలు గెలుచుకునే ఆట అది. మేడ్చల్ డిపో వెనక అద్దె ఇంట్లో ఉన్నప్పుడు సెలవులన్నీ దీంతోనే గడిచేవి. అమ్మ పక్కన చిక్కుళ్లు ఒలుస్తూ కూర్చునేది గానీ ఒక్కసారీ ఆడలేదు.

ఆఫ్రికా అంతా నాది, యూరప్ తమ్ముడిది. ఇండియా మీద ఆశతో ఈజిప్టులోని నా సైనికులను అటు జరపబోయాను.

"ఈజిప్టు ఇడ్వకురా," అంది అమ్మ. మాట ముద్దగా వచ్చింది గానీ అర్థమైంది. "వాడు ఆడికెల్లే వస్తడు."

తమ్ముడి చేతిలో పాచికలు ఆగిపోయాయి. "గట్ల జెప్తే ఎట్లమ్మా? నేను గూడ నీ కొడుకునే గదా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

బిళ్లలు కొన్ని మళ్లీ ఈజిప్టులో పెట్టాను. అయినా వాడికి పాచికలు బాగా పడి ఈజిప్టు పోయింది, దాని వెనకే ఆఫ్రికా పోయింది. అమ్మ నా వైపు చూసి, "తక్కువ వెట్టినవ్," అంది.

రేపు మళ్లీ ఆడుతున్నాం. అమ్మ ఎవరి పక్షాన ఉండాలో ఇప్పటి నుంచే కొట్లాడుకుంటున్నాం. తీర్పు మీరే చెప్పండి.