లమ్‌దువాన్ నిలబడే చోటు

బ్యాంకాక్ నుంచి నోంగ్ సక్ వెళ్లే మూడు పెట్టెల పాసింజరు దారిలో బాన్ ఖా స్టేషన్‌లో ఒక్క నిమిషం ఆగుతుంది. ఆ నిమిషంలోనే లమ్‌దువాన్ కాల్చిన కోడి, జిగురు అన్నం కిటికీల్లోంచి అందించాలి. ఇరవై రెండేళ్లుగా ఆమె నిలబడేది చివరి పెట్టె ఆగే చోటే. అక్కడ కాకపోతే సగం సరుకు బుట్టలోనే మిగిలిపోతుంది.

కొత్త స్టేషన్ మాస్టరు థవిన్ వచ్చి ఆ చోటుకు ఎసరు పెట్టాడు. ఆ మహానుభావుడికి రైళ్లంటే చిరాకు, మొక్కలంటే ప్రాణం. అందమైన స్టేషన్ల పోటీలో బహుమతి కొట్టాలని పొదల్ని ఏనుగుల్లా కత్తిరించాడు. అన్నిటికన్నా పెద్ద ఏనుగును సరిగ్గా ఆమె చోట్లోనే నాటించాడు.

“పెద్దమ్మా, నీ పొగకి మార్కులు పోతాయి. ప్లాట్‌ఫారం దాటి ఆ కంకర మీదకి పో.”

“ఏనుగుగారు టిక్కెట్టు కొన్నారా బాబూ?”

“పొమ్మన్నానా!”

వెళ్లింది. పది రోజులు ఇంట్లో మిగిలిన కోడే కూర. ఆమె కడుపు మండిపోయింది.

పోటీ అధికారులు వచ్చే ఉదయం, రైలు వెనక వాళ్లకోసం ఒక పెట్టె అదనంగా తగిలించామని ఫోన్ వచ్చింది. థవిన్ ఏనుగు చెవి సవరిస్తూ “సరే సరే” అన్నాడు. ఆకులు లెక్కపెట్టే మనిషికి ప్లాట్‌ఫారం మూడు పెట్టెలకే సరిపోతుందని గుర్తురాలేదు.

ఇంజను ఎప్పటి చోటులోనే ఆగింది. నాలుగో పెట్టె కంకర మీద, లమ్‌దువాన్ ఎదుట నిలిచింది. మెరిసే బూట్ల పెద్దమనుషులు ముగ్గురు తలుపు తీసి, కిందికి చూసి, వెనక్కి తగ్గారు.

“స్టేషన్ ఎక్కడమ్మా?”

“అల్లదిగో, ఆ ఏనుగు అవతల. కోడి తీసుకోండయ్యా, వేడిగా ఉంది.”

అవతల థవిన్ పూలదండ పట్టుకుని మూడో పెట్టె తలుపు దగ్గర కాచుకున్నాడు. ఎవరూ దిగలేదు. అయితే వేళ తప్పితే మార్కులు పోతాయి కదా! నిమిషం కాగానే తనే గంట కొట్టాడు. రైలు కదిలింది. అధికారుల పెట్టె ఏనుగు పక్కనుంచే పోయింది. ముగ్గురూ తలలు వంచుకుని ఎముకలు చీకుతున్నారు.

నెల తర్వాత ఆ అధికారుల నుంచి ఉత్తరం వచ్చింది. అందులో తోట ఊసే లేదు. కోడి అమ్మే ఆవిడకు ప్లాట్‌ఫారం మీద చోటు ఇవ్వాలని మాత్రం ఉంది.

థవిన్ కంకర దాకా నడిచి వచ్చాడు. “రా పెద్దమ్మా, నీ చోటుకి.”

“మరి ఏనుగో?”

“అదీ ఉంటుంది. సర్దుకో.”

ఆమె సర్దుకుంది. అతని మీద జాలి మాత్రం పడలేదు. ఇప్పుడు రోజూ చేతులు తుడుచుకుని, జిడ్డోడుతున్న గుడ్డను ఏనుగు తొండం మీద ఆరేస్తుంది. థవిన్ ఆ గుడ్డను తప్పించి చుట్టూ ఆకులు కత్తిరించుకుంటాడు.