తిప్పేవాడిదే స్టీరింగ్

మొన్న మా మన్యంలో వేట పండగ, అదే ఇటుకల పండగనాడు నేను చేసిన ఘనకార్యం వినండి. మా చెల్లి పద్మ దాని గురించి చెప్పబోయి, ఇప్పటికీ నవ్వాపుకోలేక మధ్యలోనే ఆగిపోతోంది.

మాది హుకుంపేట దగ్గర కొండమీది ఊరు. నాకో పాత చిన్న కారుంది. పెట్రోలు తెగ తాగుతోందేమిటా అని వీడియోలన్నీ చూస్తే అసలు దోషి దొరికింది: పవర్ స్టీరింగ్ పంపు! ఇంజిన్ కష్టపడి పుట్టించిన శక్తిలో ఊరికే వాటా కొట్టేస్తోంది. దళారీ అంటే ఇదే కదా! నా రక్తం ఉడికింది. స్పానరు పట్టుకెళ్లి దాని బెల్టు పీకేశాను.

"మరి స్టీరింగ్ తిరుగుద్దా, అన్నియా?" అంది పద్మ.

"దున్నేవాడిదే భూమి, తిప్పేవాడిదే స్టీరింగ్! చేతులున్నాయిగా."

"నీ చేతులా?" అని, పుస్తకం తప్ప ఏదీ మోయని నా చేతుల వంక చూసింది.

మర్నాడే తనకు పాడేరులో నర్సింగ్ ఎంట్రన్స్. ఏడాదంతా దానికే చదివింది. గేటు మూశాక ఎవర్నీ రానివ్వరు. ఆటోలో పోతానంటే నేను ఒప్పుకోలేదు. పొద్దున్నే బయల్దేరాం. తిన్నని రోడ్డు మీద కారు బ్రహ్మాండంగా పోయింది. ఇంధన స్వావలంబన మీద ఉపన్యాసం ఎత్తుకున్నాను.

అప్పుడొచ్చింది మలుపు. చక్రానికి వేలాడి సగం తిప్పానో లేదో, ఎదురుగా రోడ్డుకడ్డంగా వెదురు బొంగు! పండగకి మగాళ్లు వేటకెళ్తే, ఆడవాళ్లు దారికాసి బళ్లాపి పండగ డబ్బులు అడుగుతారు కదా. బ్రేకు తొక్కాను. కారు అడ్డంగా ఆగింది. ముక్కు కాలవలోకి, తోక లోయ మీదకి!

డబ్బులిచ్చాను. బొంగెత్తారు. స్టీరింగ్ మాత్రం కదల్లేదు. పద్మా నేనూ కలిసి లాగాం. ఊహూఁ.

"ఏటి బాబూ, దారొదిలేసినాం గదా, ఎల్లవేటి?" అంది అక్కడున్న పెద్దామె.

"తిరగట్లేదు పిన్నీ."

"సెడిపోనాదా?"

"లేదు. తేలిగ్గా తిప్పే సామాను నేనే తీసేశాను."

"ఎందుకూ?"

శక్తి దోపిడీ గురించి వివరంగా చెప్పాను. పాపం, శ్రద్ధగానే వింది. విని వెనక్కి తిరిగి కేకేసింది: "ఒలే, బొంగు పక్కనెట్టీయండే! ఈ గుంటడి కారు సాల్లే!"

ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. పద్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటిసారి నాకు ఒక్క నినాదమూ గుర్తు రాలేదు.

అంతలో పాడేరు వైపు నుంచి ఓ ఆటో వచ్చి కారు దగ్గర ఆగిపోయింది. అందులోవాళ్లు దిగి, నన్ను ఎగాదిగా చూసి, పైకి నడిచిపోయారు. ముందుకు దారిలేక డ్రైవరు తిట్టుకుంటూ బండి వెనక్కి తిప్పుతుంటే, పద్మ బానెట్ పక్కనించి దూరి, పరుగెత్తి ఎక్కేసింది. గేటు మూస్తుండగా చేరిందట!

పరీక్ష అవగానే ఫోన్ చేసింది. "నీ దయే అన్నియా! నీ కారు అడ్డంగా లేకపోతే ఆ ఆటో వెనక్కే తిరగదు. ఇంతకీ ఎక్కడున్నావు?"

అక్కడే ఉన్నాను. వేటకెళ్లినవాళ్లు తిరిగొచ్చి కారునెత్తి పక్కన పెట్టేదాకా ఉన్నాను. ఎన్నో ధర్నాల్లో గొంతు చించుకున్నా ఒక్క సైకిలైనా ఆపలేకపోయినవాణ్ణి, ఆ రోజు ఒంటిచేత్తో రాస్తారోకో జరిపించాను. డిమాండ్ ఒకటే: ఎవరైనా వచ్చి స్టీరింగ్ తిప్పండి!