పేలని తుపాకీ

తొంభైల చివర్లో కొత్తగూడ దగ్గర కడుతున్న ఓ ఆఫీసు భవనానికి నేను సెక్యూరిటీ గార్డుని. మా నాన్న నుంచి వచ్చిన పాత రెండు గొట్టాల తుపాకీ, దాని లైసెన్సు ఉండబట్టే ఆ ఉద్యోగం దొరికింది. సూపర్‌వైజర్ యాదగిరి మా బామ్మర్దే. తనే తుపాకీని బాగు చేయించి, నా భుజానికి కొలిచి, తుపాకీ వెనక భుజానికి ఆనించుకునే కొత్త కట్టె పెట్టించాడు. మురిసిపోయాను.

ఒక ఉదయం, ఊడ్చే మల్లమ్మ మీద కుక్కల గుంపు పడింది. తుపాకీ ఆకాశం వైపెత్తి రెండు మీటలూ నొక్కాను. టక్కుమన్నాయి, అంతే. ఆ కట్టెతోనే కుక్కలను బాది తరిమి, రక్తమోడుతున్న ఆమెను దవాఖానకు తీసుకెళ్లాను.

బాగుచేసిన మిస్త్రీని నిలదీస్తే, "తూటా పేల్చే సూదులు తీసెయ్యమని మీ బామ్మర్దే చెప్పిండు" అన్నాడు.

వెళ్లి అడిగితే యాదగిరి తల కూడా దించుకోలేదు. "చూసెటోళ్లకు భయముంటే చాలు బావా. నువ్వు ఎవర్నన్న కాలుస్తవేమోనని తీయించిన."

ఆ రోజే ఉద్యోగం మానేశాను. నన్ను నమ్మడం లేదని ముందే చెప్పి ఉంటే, కనీసం ఒక లాఠీ అడిగి తీసుకునేవాణ్ణి.