ఇంటికొక ముడి

నా చిన్నప్పుడు మా నాన్న పక్కింటి అక్కతో నెల రోజులు మాట్లాడలేదు. ఆమె చేసిన తప్పేమీ లేదు. దేశమంతటికీ కలిపి మొదటిసారి ఎన్నిక వచ్చింది. అందులో ఆమెకు ఓటుంది, నాన్నకు లేదు, అంతే.

మాది హుటాన్ మెలింటాంగ్ దగ్గర కొబ్బరి తోట. నాన్న పదిహేనో ఏట తెలుగునేల వదిలి, సముద్రం దాటి ఈ దేశంలో ఓడ దిగి, ఆ తోటలోనే కాయలు ఒలిచి నడుం వంచుకున్నవాడు. పౌరసత్వానికి దరఖాస్తు పెడితే సరైన కాగితాల్లేవని తిప్పి పంపారు. అక్క ఇక్కడే పుట్టింది, ఇరవై ఒకటి నిండాయి, పేరు జాబితాకెక్కింది. తన భుజాలెక్కి తిరిగిన పిల్లకున్నది తనకు లేకపోవడం ఆయనకు మింగుడు పడలేదు. పైకి మాత్రం ఎవడిక్కావాలి అనేవాడు. ఆయన కోపం ఇంట్లో అందరికీ అలవాటే. దాని కింద ఎంత అవమానం ఉందో నాకు అప్పుడు తెలియలేదు, తెలిశాక చాలా బాధపడ్డాను.

ఎన్నికకు రెండు రోజుల ముందు సాయంత్రం అక్క మా గుమ్మంలోకి వచ్చింది. మా వరస ఇళ్ళన్నిటికీ ఓటున్నది ఆమె ఒక్కతికే. ఇల్లిల్లూ తిరిగి, కొత్త ప్రభుత్వం ఏం చేస్తే బాగుంటుందని అడుగుతోంది. రాయడం రాదు కాబట్టి ఇంటికొకటి చొప్పున చీర కొంగుకు ముడి వేసుకుంటోంది.

"నీకేటి గావాల సిన్నాన్నా?"

"నాకేటి? నాను ఈ దేశపోణ్ణి కానంట గదా," అన్నాడు నాన్న, ముఖం తిప్పుకుని.

"నువ్వు సెప్పకపోతే నానెల్లను లా," అని ఈ దేశపు 'లా' ఒకటి తగిలించి, అక్క గడప పక్కనే కూలబడింది.

నాన్న ఇటు తిరిగాడు. "పనికి అన్నం పట్టుకెల్లనీమను."

తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. అడవిలోని తిరుగుబాటుదారులకు తిండి చేరుతుందని మా ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేసి, గేటు దాటి ఒక్క మెతుకు పోనిచ్చేవారు కాదు. నాన్న ఆకలితోనే మధ్యాహ్నం దాకా కాయలు ఒలిచేవాడు. అక్క ఇంకో ముడి వేసి, గట్టిగా బిగించి, లేచి వెళ్ళింది.

ఎన్నిక రోజు నాన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, అక్కను పోలింగుకు తీసుకెళ్ళే లారీ దాకా సాగనంపాడు. ఓటు తనదే అన్నంత హడావిడి! ఎవరికి వేసిందో అక్క చెప్పలేదు, నాన్న అడగలేదు. ఆ ఎన్నికలో గెలిచినవాళ్ళే రెండేళ్ళకు మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం, తెచ్చారు. అన్నం గేటు దాటడానికి మాత్రం ఇంకా కొంతకాలం పట్టింది. అయినా ఆ ఎన్నిక ఊసెత్తినప్పుడల్లా నాన్న "మనం ఓటేసినప్పుడు" అనే అనేవాడు. మా అమ్మ నవ్వు దాచుకునేది.

నాకిప్పుడు ఎనభై దాటాయి, రాజధానిలో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంట్‌కి కాపలా ఉండే నేపాలీ ఆయన్ని, పోయిన ఎన్నికకు ముందు, నీకేం కావాలని అడిగాను. నవ్వి సెల్యూట్ కొట్టాడు. మర్నాడు లిఫ్ట్ దగ్గర నన్ను ఆపి, యజమాని తీసుకుని దాచిపెట్టుకున్న తన పాస్‌పోర్టు తన దగ్గరే ఉండాలన్నాడు. ఓటు వేయడానికి ఆ మాట పట్టుకునే వెళ్ళాను.