డ్రెస్డెన్‌లో నేను మృత్యువు వేషం కట్టిన సంగతి

డ్రెస్డెన్‌లో మాస్టర్స్ చేసే రోజుల్లో నాకు జర్మన్ నేర్పిన టీచరమ్మకు డెబ్బై దాటాయి. ఒకరోజు క్లాసు అయ్యాక నన్ను ఎగాదిగా చూసి, "పొడుగ్గా, సన్నగా ఉన్నావు. మాకు మృత్యువు కావాలి. వస్తావా?" అంది. నా జర్మన్ మీద నాకే నమ్మకం లేక మళ్లీ చెప్పించుకున్నాను. అదే మాట.

సంగతేమిటంటే, ఊళ్లో ఒక పాత చర్చిలో అయిదు వందల ఏళ్ల నాటి రాతి చెక్కడం ఉంది. అందులో ఎముకల గూడులాంటి మృత్యువు డోలు కొడుతూ నడుస్తుంటే, వెనకాల చక్రవర్తి, రాజులు, రైతు, ముసలమ్మ అందరూ వరసగా పోతుంటారు. చర్చివాళ్లు ఏటా ఆ బొమ్మనే మనుషులతో ఆడిస్తారు. ఎప్పుడూ మృత్యువు వేషం కట్టే రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్‌కు ఆ ఏడు తుంటి ఆపరేషన్ అయింది.

వెళ్లి చెక్కడం చూశాను. మన యముడు నిండైన మనిషి. కోరమీసం, కిరీటం, ఎక్కడానికి దున్నపోతు. ఈయనకు ఒంటి మీద కండే లేదు, కాలినడకన వస్తాడు. ఆ తేడా చెబితే టీచరమ్మ ఆశ్చర్యపోయింది.

"దున్నపోతు మీదా? ఎందుకు?"

ఎందుకో నాకూ తెలియదు. "దూరం ఎక్కువ" అన్నాను.

రిహార్సల్లో చక్రవర్తి నా వెనకే నడవాలి. ఆయన మోకాళ్ల నొప్పులున్న ఎనభై ఏళ్ల తాత. పెద్దాయన కదా అని నేను అలవాటుకొద్దీ పక్కకు తప్పుకుని, "బిట్టె, మీరు పదండి" అన్నాను. బిట్టె అంటే జర్మన్లో దయచేసి అని. ఆయనా మర్యాదస్తుడే, "లేదు లేదు, ముందు మీరు" అన్నాడు. ఇద్దరం అక్కడే ఆగిపోయాం.

"మృత్యువు ముందు నడవాలి!" టీచరమ్మ కేక వేసింది. "మృత్యువు ఎవరికీ బిట్టె చెప్పదు!"

ఆదివారం మధ్యాహ్నం ప్రదర్శన. నల్ల బనియను మీద తెల్లరంగుతో నాకు ఎముకలు వేశారు. చర్చి నిండా జనం. డోలు కొడుతూ బాగానే నడిచాను గాని, మెట్ల దగ్గర చక్రవర్తి మోకాలు పట్టేసింది. డోలు చంకన పెట్టుకుని, ఆయన మోచెయ్యి పట్టుకుని, "మెల్లగా రండి, తొందరేం లేదు" అన్నాను.

చర్చి అంతా నవ్వులే. అందరికంటే గట్టిగా చక్రవర్తే నవ్వాడు. టీచరమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

నా రూమ్మేటు గుంటూరువాడు. వాడు వీడియో తీసి మా అమ్మకు పంపేశాడు. నేను రూముకు చేరేసరికి కరీంనగర్ నుంచి ఫోన్.

"సదువుకోను పంపితే గీ పాడు వేషమేందిరా?" అని మొదలుపెట్టి, అంతలోనే గొంతు మార్చింది. "గంత బక్కగైనవేందిరా బిడ్డా? పక్కటెముకలన్నీ కనవడ్తున్నయ్!"

"అమ్మా, గది రంగే."

"నాతోని అబద్ధాలాడకు. అంగీ లేపు."

వీడియో కాల్‌లో చొక్కా ఎత్తి చూపించాను. అమ్మ ఫోను దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"గిది గూడ గట్లనే ఉన్నది గదరా!"

"ఆంటీ, మీవాడు మూడు పూటలా బ్రెడ్డేనండీ" అని వెనక నుంచి రూమ్మేటు అందించాడు.

ఆ నెలంతా తినే ముందు కంచం ఫొటో తీసి అమ్మకు పంపాను. అందులో అన్నం కనపడని రోజు వెంటనే ఫోన్ వచ్చేది.