సాండర్ మూతికి గొట్టం

సాండర్ మిషనుకు వెనకవైపు చిన్న మూతి ఉంటుంది. చెక్కను నున్నగా అరగదీస్తున్నప్పుడు లేచే పొడి అందులోంచి బయటకు వస్తుంది. ఆ పొడి పట్టుకోవడానికి కంపెనీవాళ్లు ఒక చిన్న గుడ్డ సంచి ఇస్తారు. మా బావ దాన్ని మొదటి రోజే పీకేసి మేకుకు తగిలించాడు. చేతికి అడ్డం అన్నాడు.

బావ అంటే మా అక్క భర్త. అక్కను నేను అప్ప అంటాను. విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే దారిలో రేకుల షెడ్డు వేసుకుని తలుపులు, ద్వారబంధాలు చేసేవాడు. పదో తరగతి తప్పాక నేను ఆయన దగ్గరే పనిలో చేరాను. పని నేర్పింది ఆయన. మిగతాదంతా నేర్పింది గ్రంథాలయం. సాయంత్రం పని దిగాక చేతులు కడుక్కుని, చొక్కా దులుపుకుని వెళ్లి, తలుపులు మూసేవరకూ అక్కడే కూర్చునేవాణ్ణి. చరిత్ర, వైద్యం, యంత్రాలు, ఏది దొరికితే అది. ఇంగ్లీషు పుస్తకాలయితే పక్కన నిఘంటువు పెట్టుకుని చదివేవాణ్ణి. ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం పట్టేది. పట్టినా, చదివిన పేజీ నాదయ్యేది. కాలేజీకి వెళ్లినవాళ్లు కూడా చాలామంది చదవనివి నేను చదివాను. ఆ సంగతి దాచుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

భోగాపురం దగ్గర విమానాశ్రయం వస్తుందన్న మాట మొదలయ్యాక ఆ చుట్టుపక్కల కొత్త ఇళ్లు లేచాయి. ప్రతి ఇంటికీ టేకు తలుపు కావాలి. అది అద్దంలా మెరవాలి. చేత్తో సాండ్‌పేపర్ రుద్దుకుంటూ కూర్చుంటే తెమిలే పని కాదు. అందుకని బావకొకటి, నాకొకటి సాండర్లు కొన్నాం. పని జోరందుకుంది. మధ్యాహ్నం రేకుల సందులోంచి పడే ఎండ, పట్టుకుంటే చేతికి దొరుకుతుందేమో అన్నంత చిక్కగా కనిపించేది. సాయంత్రానికి మా ఇద్దరి కనుబొమలూ ఒకటే రంగు.

బావ మంచి మాటకారి. తలుపు చూడ్డానికి వచ్చినవాళ్లు పని సంగతి మరిచిపోయి ఆయన కబుర్లు వింటూ కూర్చునేవారు. గరివిడి వెళ్లాల్సిన పెళ్లివారు దారి తప్పి మరో పెళ్లిలో భోజనాలు చేసి వచ్చిన కథ ఒకటి ఉండేది. దాన్ని ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా చెప్పేవాడు. సాండర్లు వచ్చిన రెండో వేసవిలో ఆ కథ చివరికి వచ్చేసరికి దగ్గు తెర పట్టుకునేది. చేత్తో నా వైపు చూపించి, "మిగతాది నువ్వు సెప్పరా, నీకు తెలుసును కదా," అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. నేను చెబితే ఎవరూ అంతగా నవ్వేవారు కాదు.

ఆ రోజుల్లోనే గ్రంథాలయంలో నాకు పనివాళ్ల జబ్బుల గురించి రాసిన పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది. అందులో చెక్క పొడి గురించి కొన్ని పేజీలున్నాయి. కంటికి కనబడే పొడి చాలావరకు ముక్కులోనే ఆగిపోతుందట. కంటికి ఆననంత సన్నటి పొడి ఊపిరితిత్తుల అడుగుకంటా పోతుందట. గాల్లోకి లేచాక దాన్ని పట్టుకోవడం కష్టం, పుట్టినచోటే పీల్చెయ్యాలని ఉంది. ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని మర్నాడు బావతో చెప్పాను.

"సాండర్ మూతికి గొట్టం తగిలించి, అటుపక్క వాక్యూమ్ మిషన్ ఎడితే పొడి గాల్లోకి రాదట బావా."

"ఎవులు సెప్పారు?"

"పుస్తకంలో ఉన్నాది."

"ఆ పుస్తకం రాసినోడు తలుపులు సేస్తాడేటి?"

"ఆయన డాక్టరు."

"మరయితే ఆయన్నే వచ్చి సాండర్ పట్టమను. ఒరే, టేకు పొడి మనకి కొత్తేటిరా? మా అయ్య పీల్చాడు, ఆళ్లయ్య పీల్చాడు."

"ఆళ్లు సేత్తో రుద్దారు బావా. మిషను ఆడించనేదు."

బావ తలుపు మీద ఒకసారి అరచెయ్యి తిప్పి, "సరే, తగిలించు. నా సెయ్యి ఆడాల, అంతే," అన్నాడు.

విశాఖ దారిలో కార్లు కడిగే షాపు ఒకటి మూతపడితే, వాళ్ల దగ్గర డ్రమ్ములాంటి వాక్యూమ్ ఉందని తెలిసి వెళ్లి తెచ్చాను. సాండర్ మూతి కోలగా ఉంది. వాక్యూమ్ గొట్టం గుండ్రంగా, దానికి ఇంచుమించు రెట్టింపు ఉంది. రెండూ ఒకదానికొకటి ఏ విధంగానూ అతకవు. ప్లంబింగు కొట్లో పైపు ముక్క కొని, మంట మీద మెత్తబరచి, కోలగా నొక్కి సాండర్ మూతికి తొడిగాను. దాని రెండో చివరకి సైకిల్ ట్యూబు ముక్క వేసి వాక్యూమ్ గొట్టానికి బిగించాను. స్విచ్చి వేస్తే వాక్యూమ్ షెడ్డు అదిరేలా అరిచింది. పొడి మాత్రం ఎప్పటిలాగే పక్కలనుంచి లేచింది.

"నీ మిషను పొడి తినదురా, అరుస్తాది," అన్నాడు బావ.

కారణం కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. సాండర్ అడుగున కాగితం అంటించే పళ్లేనికి కన్నాలుంటాయి. వాటిలోంచే పొడిని లోపలికి పీల్చాలి. మేం వాడే సాండ్‌పేపర్ చుట్టలుగా అమ్మేది, గుండ్రంగా కత్తిరించుకుని అంటించేవాళ్లం. దానికి కన్నాల్లేవు. పళ్లెం నోరు మేమే మూసేస్తున్నాం. ఇనప గొట్టం అంచు పదును పెట్టి, ప్రతి కాగితానికీ ఆ కన్నాల చోట్లు చూసి పొడిచాను. తరవాత ఇంకో తంటా వచ్చింది. ప్లాస్టిక్ గొట్టంలో పొడి రాసుకుంటూ పోతుంటే కరెంటు పుట్టి చేతికి చురుక్కుమనేది. అది స్థిర విద్యుత్తు అని నాకు తెలుసు. బావ మాత్రం, "నీ పుస్తకం షాకు కొడతన్నాదిరా," అని కస్టమర్లందరికీ చెప్పాడు. గొట్టం పొడవునా రాగి తీగ చుట్టి ఎర్తుకు కలిపాను. గొట్టం చేతికి బరువవకుండా పైన దూలానికి తాడుతో వేలాడదీశాను.

ఆ మధ్యాహ్నం రేకుల సందులో ఎండ మామూలు ఎండలాగే పడింది. బావ తలుపు మీద వేలు రాసి చూసుకున్నాడు. వేలికి ఏమీ అంటలేదు.

"బాగున్నాదిరా," అన్నాడు.

ఆయన నోట ఆ మాట రావడం తక్కువ. ఆ సాయంత్రం గ్రంథాలయంలో పుస్తకం తెరిచాను గాని ఏమీ చదవలేదు. ఊరికే కూర్చుని వచ్చేశాను.

మర్నాడు నేను సామాన్లు తేవడానికి ఊళ్లోకి వెళ్లి వచ్చేసరికి షెడ్డు తలుపులు మూసి ఉన్నాయి. తోసి చూస్తే లోపల పొగలా ఉంది. బావ వాక్యూమ్ డ్రమ్ము మూత విప్పి, లోపలి ఫిల్టర్ గుడ్డను ఒక స్టీలు పళ్లెం మీద పెట్టి కర్రతో కొడుతున్నాడు. కళ్లు తప్ప మొహమంతా పొడి.

ఇందులో ఉన్న సంగతి మా పని తెలియనివాళ్లకు చెప్పాలి. ఎంత మంచి టేకయినా చిన్న చిన్న బీటలు, ముడులు ఉంటాయి. వాటిని లప్పంతో పూడ్చాలి. డబ్బాల్లో దొరికే లప్పం బావ ముట్టేవాడు కాదు. ఏ చెక్కకు బీట ఉంటే ఆ చెక్క పొడినే జిగురులో కలిపి అందులో పెట్టేవాడు. పక్క తలుపు పొడి కూడా పనికిరాదు, రంగు తేడా వస్తుంది. వాళ్ల నాన్న అలాగే చేశాడు, ఈయనా అలాగే చేశాడు. పాలిష్ అయ్యాక బీట ఎక్కడుందో చేసిన ఆయనకే దొరికేది కాదు. అంతకుముందు ఆ పొడి నేలమీద, బల్లమీద ఎక్కడబడితే అక్కడ ఉండేది, చిటికెడు తీసుకునేవాడు. ఇప్పుడది డ్రమ్ములో ఉంది. గాలికి ఎగిరిపోకుండా, రోడ్డు దుమ్ము కలవకుండా తలుపులు మూసి మరీ తీస్తున్నాడు.

"ఏటి బావా ఇది? నువ్వు పీల్చకూడదనే కదా ఇంత సేసింది."

"మరి లప్పానికి పొడెక్కడిది? అంతా నీ డ్రమ్ము మింగీసినాది."

"బయటికి తెచ్చి తియ్యొచ్చు కదా."

"గాలికి మంచిదంతా పోతాది. బరువుది మిగులుతాది."

మంచిది అంటే అన్నిటికన్నా సన్నటిది. అరచేతిలో వేసుకుని ఊదితే పొగలా లేచిపోవాలి. అదే బీటలోకి దిగుతుందని ఆయన లెక్క. పుస్తకం ఏ పొడి గురించి భయపెట్టిందో సరిగ్గా ఆ పొడినే నా ఫిల్టర్ వేరు చేసి, పోగు చేసి ఆయన మొహం ముందు పెడుతోంది. తలుపు మారినప్పుడల్లా డ్రమ్ము ఖాళీ చేసి గుడ్డ దులిపేవాడు. లేకపోతే రెండు తలుపుల పొడీ కలిసిపోతుంది.

మళ్లీ పుస్తకాలు తిరగేశాను. సాండర్‌కీ వాక్యూమ్‌కీ మధ్య మూత బిగించిన బకెట్ పెడితే పొడి అందులోనే పడిపోతుందని ఒకచోట బొమ్మతో సహా ఉంది. రంగు డబ్బా బకెట్‌తో చేశాను, బాగానే పడింది. దాన్ని ఆరుబయట తీసి, గుప్పెడు కాగితంలో పొట్లం కట్టి తెచ్చి ఇచ్చాను. బావ వేళ్ల మధ్య నలిపాడు.

"ఇది ఉప్మా రవ్వరా. నాకు మైదా కావాల."

మైదా బకెట్‌ను దాటి ఫిల్టర్‌కే పోయేది. ఈసారి ఫిల్టర్ పొడినే నేను బయట తడిపి ముద్దగా తెచ్చాను. తడిస్తే రంగు తెలియదని పారేశాడు. ముక్కుకు కట్టుకోమని మాస్కులు తెచ్చాను. అప్పటికే ఊపిరి చాలని మనిషికి ఆ గుడ్డలోంచి గాలి లాగడం ఎంత కష్టమో ఆయన మెడ నరాలు చూస్తే తెలిసింది. ఒక రోజు కట్టుకుని తీసేశాడు. చివరికి డబ్బా లప్పం తెచ్చి ఎదురుగా పెట్టాను.

"బావా, దీంతో ఒక్క తలుపు సేసి సూడు. ఒక్కటే."

"అయితే నానెందుకురా? కొట్లో తలుపు కొనుక్కుంటారు."

కోపంతో అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే.

వానలు తగ్గాక అప్ప బలవంతం మీద విజయనగరంలో డాక్టరుకి చూపించాం. ఆయన ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయి, గట్టిపడింది మళ్లీ మెత్తబడదు, ఇకమీద పెరక్కుండా చూసుకోవడమే అన్నాడు.

"పని మానీమంటారేటండి?" అని అడిగాడు బావ.

"పొడి మానెయ్యాలి."

బయటకు వచ్చాక మెట్ల మీద కూర్చుని, రెండుసార్లు ఆగి ఒక మాట పూర్తి చేశాడు. "పొడి మానీమంటే... పని మానీమన్నట్టే... కదరా. తెలివైనోడు. మనసు నొప్పించకుండా సెప్పినాడు."

మానలేదు. తరవాతి ఏడాది ద్వారబంధం ఎత్తబోయి సగంలో దించేశాక తనే మానాడు. రోడ్డు నుంచి షెడ్డులోకి ఉన్న కొద్దిపాటి ఎత్తు కూడా ఎక్కలేకపోయేవాడు.

అప్పటినుంచి షెడ్డు నేనే నడుపుతున్నాను. గొట్టం తగిలించి సాండర్ ఆడిస్తాను. డ్రమ్ము నిండితే దూరంగా తీసుకెళ్లి గోతిలో గుమ్మరించి వస్తాను. బీటలకు డబ్బా లప్పం పెడతాను. నా షెడ్డంత శుభ్రమైన షెడ్డు ఆ దారిలో లేదని అందరూ అంటారు. లప్పం రంగు తేడాగా ఉందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. తలుపులు తీసుకున్నవాళ్లు చెయ్యి రాసి చూసుకుని, నున్నగా ఉందని మెచ్చుకుని వెళ్లిపోతారు. ఈ సంగతి బావకు చెప్పలేదు.

ఆయన మంచం మీద ముందుకు వంగి, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీద మోచేతులు ఆనించి కూర్చునేవాడు. అలా అయితేనే ఊపిరి ఆడుతుంది. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి అప్ప ఆయన వీపు రాస్తోంది. నన్ను చూడగానే, "ఇన్ని పుస్తకాలు సదివినావు కదరా. మీ బావకి ఏటైనా ఉన్నాదేమో సెప్పు," అంది.

నేను నోరు తెరవకముందే బావ చెయ్యి ఎత్తాడు. ఆయన మాట మొదలుపెడితే మేం ఆగాలి, మధ్యలో అందుకోకూడదు. అప్పటికి మాకది అలవాటే.

"ఆడినెందుకు... అడుగుతావే. పొడి లోపలికి ఎల్లకుండా... ఎలగ సెయ్యాలో సదివినాడు. సేసినాడు కూడాను. ఎల్లిపోయిందాన్ని తియ్యడం... ఆ పుస్తకాల్లో నేదు." కాసేపు ఊపిరి కూడదీసుకుని నావైపు చూశాడు. "ఉన్నాదేటిరా?"

నేను చాలా వెతికాను. విజయనగరంలో దొరికినవన్నీ చూసి, శ్రీకాకుళం వెళ్లి అక్కడా చూశాను.

"నేదు బావా."

ఆయన తల ఊపాడు. అప్ప వీపు రాయడం ఆపలేదు. ఊపిరి కాస్త అందాక, "రేపేటి పని?" అని అడిగాడు.

"సింహద్వారం."

"టేకేనా?"

"టేకే."

ఇంకేదో అడగబోయాడు గాని దగ్గు వచ్చింది. అది తగ్గేసరికి ఏమడగాలనుకున్నాడో వదిలేసి, దిండు మీద తల ఆనించుకున్నాడు. నేను కాసేపు కూర్చుని లేచాను. మర్నాటికి సాండ్‌పేపర్లు కత్తిరించి కన్నాలు పొడుచుకోవాలి.